కాంతికిరణములను దాచదలచిన గాబ్రియేల్ లిప్‌మన్

ఫోటో తీసిన పిమ్మట దానియందలి స్పష్టతను మార్చుట సాధ్యమా? ముందు నిలిచినవాని ముఖము మసకబారి, వెనుకనున్న గోడ స్పష్టముగా పడినయెడల ఆ పటమును పాఱవేయుట తప్ప వేఱు దారి లేదని నూఱేండ్లకు పైగా అందఱును నమ్మిరి. నేడు ఒక ప్రత్యేకమైన కెమెరాతో తీసిన పటమును కంప్యూటరులో నుంచి, ముఖమును స్పష్టపఱచి గోడను మసకపఱచు విద్య కలదు. కావలసినచో మఱల గోడనే స్పష్టపఱపవచ్చును. దీనికి కాంతిక్షేత్ర ఛాయాగ్రహణమని పేరు. చిత్రమేమనగా, ఈ విద్యకు మూలమైన ఊహ 1908లోనే ఒక వృద్ధ ఆచార్యునకు తోచెను. ఆయన పేరు గాబ్రియేల్ లిప్‌మన్. ఆ ఊహ ఫలించుటకు కావలసిన యంత్రము ఆయన జీవితకాలమున పుట్టనే లేదు. ఆయన చరిత్రమును, ఆయన వెనుక మిగిలిన పని ఎట్లు నెఱవేరెనో ఆ వృత్తాంతమును మేము ఈ సంచికలో మా పాఠకుల ముందుంచుచున్నాము.

లిప్‌మన్ 1845వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన లక్సెంబర్గు దేశమునందలి బొన్నెవ్వా అను చోట జన్మించెను. తలిదండ్రులు ఫ్రెంచివారు. వారి కుటుంబము చేతితొడుగులు చేయించి అమ్ము వ్యాపారము చేయుచుండెను. 1848లో వారు పారిసు నగరమునకు తరలివచ్చిరి. బాలునికి మొదటి చదువు తల్లియొద్దనే జరిగెను. పిదప ఉన్నత పాఠశాలలో చేరెను. అక్కడ పాఠము వినుటలో ఆయనకు శ్రద్ధ తక్కువ. తనలో తాను ఆలోచించుకొనుట ఎక్కువ. గణితమందు మాత్రము మక్కువ గలవాడు. 1868లో ఎకోల్ నార్మాల్ సుపీరియర్ అను ప్రసిద్ధ కళాశాలలో ప్రవేశము దొరకెను. ఆ కళాశాలలో చదివినవారు ఒక పోటీ పరీక్షలో నెగ్గి ఉపాధ్యాయులగుట ఆచారము. లిప్‌మన్ ఆ పరీక్షలో తప్పిపోయెను. నచ్చిన విషయములనే చదివి నచ్చనివాటిని విడిచిపెట్టువారికి పరీక్షలయందు జరుగునది ఏ దేశమందైనను ఒక్కటే.

అయినను ఆ కాలమున ఆయన ఊరక కూర్చుండలేదు. ఫ్రెంచి భాషలో వెలువడు ఒక రసాయన భౌతిక శాస్త్ర పత్రికకు, జర్మను పత్రికలలో వచ్చిన వ్యాసముల సారాంశమును వ్రాసి ఇచ్చుచుండెను. ఆ విధముగా విద్యుచ్ఛక్తిని గూర్చి జర్మనీలో జరుగుచున్న పరిశోధనలన్నియు ఆయనకు కరతలామలకములయ్యెను. ఇంట ఒక భాషయు, వీథిలో మఱియొక భాషయు వినుచు పెరుగుచున్న మా పాఠశాల బాలబాలికలు ఈ సంగతిని కొంచెము నిలిచి చదువుదురు గాక. ఒక భాషలోనిది మఱియొక భాషలోనికి తెచ్చు పని చిన్నదని తోచును. లిప్‌మన్ జీవితము మలుపు తిరిగినది ఆ పనివలననే.

1873లో ఫ్రెంచి ప్రభుత్వము విజ్ఞాన బోధనా పద్ధతులను పరిశీలించుటకై ఆయనను జర్మనీకి పంపెను. హైడెల్‌బర్గులో కిర్కాఫ్ యొద్దను, బెర్లినులో హెల్మ్‌హోల్ట్జ్ యొద్దను ఆయన పనిచేసెను. హైడెల్‌బర్గులోనే క్యూనే అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆయనకు ఒక చిన్న వింత చూపెను. నీరు కలిపిన గంధకికామ్లములో ఒక పాదరసపు బొట్టు నుంచి, దానిని ఇనుప తీగతో తాకిన వెంటనే ఆ బొట్టు ముడుచుకొనును. తీగ తీసినచో మఱల వెడల్పగును. చూచినవారందఱును వినోదించిరి. లిప్‌మన్ దాని కారణము వెదకెను. విద్యుత్తు మాఱినపుడు పాదరసపు తలతన్యత మాఱుచున్నదని గుర్తించి, ఆ సూత్రముతో కేశనాళికా విద్యున్మాపకమును నిర్మించెను. సన్నని గాజుగొట్టములోని పాదరసము కదలికను సూక్ష్మదర్శినితో చూచి, వోల్టులో వెయ్యవ వంతు భేదమును సైతము దీనితో కనుగొనవచ్చును. 1875లో ఆయన ఈ విషయముపైననే పారిసు విశ్వవిద్యాలయమున సిద్ధాంతవ్యాసము సమర్పించెను. 1887లో లండను నగరమున అగస్టస్ వాలర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు మానవ హృదయపు విద్యుత్ స్పందనమును మొట్టమొదట నమోదు చేసినది ఈ సాధనముతోనే. నేడు ఆసుపత్రులలో తీయు ఇ.సి.జి.కి ఇది పూర్వరూపము.

ఆయన 1878లో సోర్బాన్ అధ్యాపకవర్గమున చేరెను. 1883లో గణిత భౌతికశాస్త్రమునకును, 1886లో ప్రయోగ భౌతికశాస్త్రమునకును ఆచార్యుడయ్యెను. ఆ పరిశోధనాలయమునకు మరణపర్యంతము ఆయనయే అధ్యక్షుడు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. మఱుసటి ఏడు లిప్‌మన్ కాగితముపై లెక్క కట్టి, ఆ స్ఫటికములకు విద్యుత్తు నిచ్చినచో అవి తమ ఆకారమును మార్చుకొనవలెనని తేల్చెను. క్యూరీలు పరీక్షించి చూడగా అట్లే జరిగెను. చేతి గడియారములలో క్వార్ట్జు ముక్క లయ తప్పక కంపించుటకు ఆధారము ఈ ధర్మమే.

ఆ పరిశోధనాలయమునకు పోలండు దేశమునుండి వచ్చిన ఒక బీద విద్యార్థిని చేరెను. ఆమె ఉక్కుల అయస్కాంత ధర్మములను అక్కడ పరిశీలించెను. ఆమెయే తరువాత మేరీ క్యూరీగా లోకప్రసిద్ధి గాంచెను. 1898 ఏప్రిల్ 12వ తేదీన యురేనియము మొదలగువాని కిరణములను గూర్చి ఆమె వ్రాసిన మొదటి నివేదికను ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తులో చదివి వినిపించినది లిప్‌మన్. ఆమెగాని ఆమె భర్తగాని అప్పటికి ఆ పరిషత్తులో సభ్యులు కారు. 1903లో ఆమె సిద్ధాంతవ్యాసమును పరీక్షించిన ముగ్గురిలో అధ్యక్షుడును ఆయనయే.

ఇక కాంతి విషయము. ఆ కాలమున ఫోటోలు చాలవఱకు నలుపు తెలుపులలోనే ఉండెడివి. రంగులు కావలెనన్నచో సాధారణముగా కుంచెతో పూయుటయే. లిప్‌మన్ రంగుల ద్రవ్యము లేకయే రంగును పట్టదలచెను. సబ్బు బుడగకు రంగు ఎక్కడిది? నెమలి పింఛమునందు ఆ నీలిమ ఎక్కడిది? మిక్కిలి పలుచని పొరలనుండి వెనుకకు మరలిన కాంతితరంగములు ఒకదానితో నొకటి కలిసి కొన్ని బలపడుటయు, కొన్ని అణగిపోవుటయు దానికి కారణము. ఈ ధర్మమునే ఆయన ఫోటోపలకలోనికి దింపెను. గాజుపలకపై అతిసూక్ష్మమైన రేణువులు గల వెండిలవణపు పూతను పూసి, దాని వెనుక పాదరసమును అద్దమువలె నిలిపెను. పడిన కాంతి పాదరసమును తాకి వెనుకకు మరలి, వచ్చుచున్న కాంతితో కలియును. అపుడు పూతలోపల స్థిర తరంగములు ఏర్పడును. కాంతి బలముగా నున్న తలములలో వెండి నిలుచును. ఆ పొరకును పొరకును నడుమ దూరము ఆ కాంతి తరంగదైర్ఘ్యములో సగము. పలకను కడిగి ఆరబెట్టి తెల్లని వెలుతురులో చూచినచో, ఆ పొరలు తమను పుట్టించిన రంగునే మరలించి చూపును. ఎఱుపు పడినచోట ఎఱుపు, ఆకుపచ్చ పడినచోట ఆకుపచ్చ.

1891 ఫిబ్రవరి 2వ తేదీన ఆయన ఈ విధమున పట్టిన వర్ణపటమును పరిషత్తులో చూపెను. మఱుసటి ఏడు నారింజపండ్ల పళ్లెము, జెండాలు, రంగుటద్దముల కిటికీ, చిలుక మున్నగువాని చిత్రములను తెచ్చెను. 1894లో సిద్ధాంతమును సంపూర్ణముగా వివరించెను. రంగులు నేటికిని వెలియలేదు. వెలియుటకు అందు రంగుపొడి ఉన్నగదా!

కాని ఈ పద్ధతి బజారునకు ఎక్కలేదు. మంచి ఎండలోనైనను ఒక నిమిషము పలకను తెఱచి యుంచవలెను. పాదరసముతో పని. ఒక్క పలకనుండి రెండవ ప్రతి తీయుటకు వీలులేదు. సరియైన కోణమున పట్టి చూచినగాని రంగు కనబడదు. 1907లో లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండిరేణువులకు రంగులద్ది చేసిన పలకలను అమ్మకమునకు పెట్టిరి. జనులు వాటినే కొనిరి. మఱుసటి ఏడే లిప్‌మన్‌కు తన రంగుల పద్ధతికై నోబెల్ బహుమానము వచ్చెను. ఆ ఏడు నిర్ణాయక సంఘము మాక్స్ ప్లాంక్ పేరును సూచింపగా, స్వీడిషు పరిషత్తు దానిని త్రోసి లిప్‌మన్‌ను ఎన్నుకొనెను. ప్లాంకు గొప్పతనము నెఱిగిన నేటివారికి ఇది వింతగా తోచును. మా దృష్టిలో ఇది అన్యాయము కాదు. ప్లాంకునకు 1918వ సంవత్సరపు బహుమానము ఎట్లును లభించినది. కాంతి తరంగమని కంటికి చూపిన ఆ పలకలకు మాత్రము అదియే కడపటి అవకాశము.

బహుమానము వచ్చిన ఆ 1908లోనే, మార్చి 2వ తేదీన, అఱువది రెండేండ్ల లిప్‌మన్ పరిషత్తు ముందు మఱియొక ఊహను ఉంచెను. దానికి సమగ్ర ఛాయాచిత్రమని పేరు పెట్టెను. కిటికీ దగ్గఱ నిలిచి తల నటునిటు కదల్చినచో బయటి దృశ్యము మాఱుచుండును. దగ్గఱి చెట్టు దూరపు గోపురమును ఒకసారి మఱుగుపఱచును, ఒకసారి విడుచును. ఫోటోలో అట్లు జరుగదు. ఎందువలన? కిటికీలోని ప్రతి బిందువునుండియు నలుదిక్కులకు పోవు కిరణములు వేఱువేఱుగా మన కంటికి అందుచున్నవి. ఫోటోపలక మాత్రము ఒక బిందువున పడిన కిరణములన్నిటిని కలిపి మొత్తము వెలుతురును మాత్రమే వ్రాసికొనును. ఏ కిరణము ఏ దిక్కునుండి వచ్చినదో ఆ సంగతి అక్కడనే నశించును. ఆ దిక్కును దాచిపెట్టవలెనని లిప్‌మన్ సంకల్పము.

దానికి ఆయన చెప్పిన ఉపాయము ఈగ కన్నువంటిది. పారదర్శకమైన ఫలకము ముందువైపున చిన్నచిన్న కటకములు వేలకొలది దట్టముగా నుండవలెను. వెనుకవైపున వెండిలవణపు పూత ఉండవలెను. ప్రతి చిన్న కటకమును తన వెనుక ఒక చిన్న బొమ్మను వేసికొనును. పక్కపక్క కటకముల బొమ్మలు ఇంచుమించుగా ఒక్కటే, కాని కొంచెము తేడా. ఆ తేడాలోనే లోతు దాగియున్నది. తిరిగి అదే కటకములగుండా ఆ బొమ్మలను చూచినచో, కిరణములు వచ్చిన దారినే వెనుకకు పోయి, గాలిలో దృశ్యమును మఱల నిర్మించును. చూచువాడు తల కదల్చినచో దృశ్యము మాఱును. కెమెరా పెట్టెయే అక్కఱలేదు.

ఊహ నిర్దుష్టము, చేయి మాత్రము అందలేదు. అంత చిన్న కటకములను అంత సమముగా ఆ కాలమున ఎవరును పోతపోయలేకపోయిరి. ఆయన కొన్ని కటకములు మాత్రమే గల చిన్న పలకలతో పరీక్షించి, తన సూత్రము నిజమని తృప్తిపడవలసి వచ్చెను. మఱియొక చిక్కును ఉండెను. అట్టి చిత్రములో లోతు తలక్రిందులగును. ముందున్నది వెనుకను, వెనుకనున్నది ముందును తోచును. దానిని సవరించు మార్గమును 1931లో అమెరికావాడైన హెర్బర్ట్ ఐవ్స్ చూపెను. అప్పటికి లిప్‌మన్ లేడు. 1921 జూలైలో, కెనడా దేశమునకు వెళ్లిన ఫ్రెంచి ప్రతినిధివర్గముతో తిరిగి వచ్చుచు, ఫ్రాన్సు అను ఓడపై నడిసముద్రమున ఆయన కన్నుమూసెను. డెబ్బది అయిదేండ్లు నిండినవి.

ఆ తరువాతి కథ ఆయన శిష్యులది కాదు, అసలు ఛాయాగ్రాహకులదే కాదు, లెక్కలవారిది. 1936లో రష్యనుడైన గెర్షున్ ఒక స్థలమందు అన్ని దిక్కులలో ప్రసరించు కాంతికి కాంతిక్షేత్రమని పేరు పెట్టెను. 1992లో ఎడెల్‌సన్, వాంగ్ అనువారు ఒకే పెద్ద కటకము వెనుక చిన్న కటకముల వరుసను, దాని వెనుక విద్యుత్ గ్రాహకమును ఉంచి, వచ్చిన పటమునుండి కంప్యూటరుచేత లోతును లెక్కింపించిరి. 1996లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి లెవాయ్, హాన్రహాన్ అనువారు ఒక కిరణమును నాలుగు సంఖ్యలతో గుర్తింపవచ్చునని చూపిరి. ఎట్లనగా, రెండు సమాంతర కిటికీలను ఊహింపుడు. కిరణము మొదటి కిటికీని ఎక్కడ దాటెనో చెప్పుటకు రెండు సంఖ్యలు, రెండవదానిని ఎక్కడ దాటెనో చెప్పుటకు రెండు సంఖ్యలు చాలును. లిప్‌మన్ గాజుతో చేయదలచిన పని ఇప్పుడు పట్టికగా మాఱెను. పట్టిక యున్నచోట ప్రోగ్రాము వ్రాయవచ్చును.

2005లో అదే విశ్వవిద్యాలయమున రెన్ ఎన్‌జి అను విద్యార్థి తన సహచరులతో కలిసి చేతపట్టుకొనదగిన కెమెరాను నిర్మించెను. అందులోని గ్రాహకమున ఇంచుమించు 4000 వరుసలు, వరుసకు 4000 చొప్పున 1 కోటి 60 లక్షల బిందువులు. దాని ముందు 296 వరుసలలో 296 చొప్పున చిన్న కటకములు. ఒక్కొక్కదాని వెడల్పు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. ఈ కెమెరా తీసిన ముడి పటమును చూచినవారు నిరాశపడుదురు. అది తేనెతుట్టెవలె చిన్నచిన్న చుక్కలతో నిండియుండును. దానిని బొమ్మగా మార్చునది సాఫ్టువేరు.

ఆ సాఫ్టువేరు చేయు పనులలో మొదటిది చూచుటకు మిక్కిలి అల్పము, నిజమునకు మిక్కిలి కష్టము. ఏ చుక్క నడిబొడ్డు ఎక్కడ నున్నదో కనుగొనవలెను. కటకముల పలకను గ్రాహకముపై అమర్చునపుడు వెండ్రుకవాసి వంకర తప్పదు. అందువలన ముందుగా ఒక తెల్లని తలమును ఫోటో తీయుదురు. ప్రతి కటకము వెనుకను ఒక వెలుగుచుక్క పడును. నడుమ కాంతి ఎక్కువ, అంచున తక్కువ. ప్రోగ్రాము ఆ చుక్కలన్నిటిని వెదకి, వాటి వంకరను లెక్కించి, వాటి దొంతిని సరిచేసి, అంచుల మసకను తీసివేయును. ఇక్కడ ఒక్క బిందువు తప్పినను కిరణము దిక్కు తప్పును. దిక్కు తప్పినచో తరువాతి లెక్క యంతయు వ్యర్థము.

పిదప ప్రతి చుక్కలోను ఒకే స్థానమందున్న బిందువులను ఏరి ఒక పటముగా కూర్చవలెను. అది పెద్ద కటకము యొక్క ఒక మూలనుండి చూచిన దృశ్యము. వేఱొక స్థానపు బిందువులను కూర్చినచో వేఱొక మూలనుండి చూచిన దృశ్యము. ఇట్లు నూటికి పైగా పటములు లభించును. రైలు కిటికీలోనుండి చూచునపుడు దగ్గఱి తంతిస్తంభములు వేగముగా వెనుకకు పోవును, దూరపు కొండలు మెల్లగా కదలును గదా? ఈ పటములలోను అట్లే దగ్గఱి వస్తువులు ఎక్కువ జరుగును, దూరపువి తక్కువ. ఒక స్తంభము ఎంత జరిగెనో అంతే వెనుకకు జరిపి పటములన్నిటిని ఒకదానిపై నొకటి పేర్చి కూడినచో స్తంభము స్పష్టమై, కొండ మసకబారును. కొండకు తగినట్లు జరిపినచో కొండ స్పష్టమగును. ఫోటో తీసిన పిమ్మట స్పష్టతను మార్చు రహస్యమంతయు ఈ జరుపుట, కూడుట అను రెండు పనులలో నున్నది. ఏ వస్తువు ఎంత జరిగినదో కొలిచినచో దాని దూరమును తెలియును. అన్నిటిని కూడుటకు పట్టు కాలమును తగ్గించుటకై ఎన్‌జి ఫూరియే గణితముతో ఒక అడ్డదారిని కూడ కనిపెట్టెను.

మూల్యము చెల్లింపక ఏదియు రాదు. 1 కోటి 60 లక్షల బిందువుల గ్రాహకమునుండి తుదకు వచ్చిన బొమ్మలో 296 వరుసలు, 296 నిలువులు, అనగా 87,616 బిందువులు మాత్రమే. దిక్కులను దాచుటకై తక్కినవన్నియు వ్యయమైనవి. ఎన్‌జి స్థాపించిన లైట్రో సంస్థ 2012లో ఇట్టి కెమెరాను ప్రజలకు అమ్మెను; బొమ్మ చిన్నదన్న మాట దానికి తప్పలేదు. 2018లో ఆ సంస్థ మూతపడెను. అదృష్టవశమున, ఆ కెమెరా పటములను విప్పి చదువగల ప్రోగ్రామును ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమునుండి డాన్సెరో మున్నగువారు వ్రాసి, దాని పద్ధతిని 2013లోనే ప్రకటించి యుండిరి. సంస్థ పోయినను పటములు మూగవి కాలేదు. నాలుగు సంఖ్యల పట్టికను సూక్ష్మదర్శినులకును అన్వయించిరి. సజీవ కణములలోని లోతును ఒక్క పటముతో కొలుచుటకు అది పనికివచ్చుచున్నది.

లిప్‌మన్ వర్ణపలకలు పెక్కు స్విట్జర్లాండులోని లోజాన్ నగరపు ఎలిసే మ్యూజియములో భద్రముగా నున్నవి. అదే నగరమునందలి సాంకేతిక విద్యాలయపు పరిశోధకులు వాటిని పరీక్షించి 2021లో ఒక విషయమును ప్రకటించిరి. ఆ పలకలు చూపు రంగు, నాడు వాటిపై పడిన రంగునకు సరిగా సమానము కాదట. పొరల లోతువలనను, తరంగములు మరలు తీరువలనను కొంత మార్పు కలుగుచున్నదట. ఆ మార్పును లెక్కకట్టి, పలకనుండి మొదటి కాంతినే తిరిగి రాబట్టు ప్రోగ్రామును వారు వ్రాసిరి. మన కెమెరాలు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కొలతలతోనే సరిపెట్టుకొనును. లిప్‌మన్ పలకలనుండి మాత్రము నూట ముప్పది ఏండ్లనాడు పారిసులో వస్తువులపై పడి మరలిన కాంతి యొక్క వర్ణపటమంతయు ఇప్పుడు ఒక్కొక్క బిందువుగా వెలికి వచ్చుచున్నది.